నిక్సీ గడియారం: ముందు గొట్టాన్ని బతికించండి

అంకెలను వెలిగించి చూపే గాజు గొట్టాలు, అంటే నిక్సీ గొట్టాలతో ఇంట్లో గడియారం తయారుచేసుకునేవారి ముచ్చట్లన్నీ టేకు పెట్టె చుట్టూ, ఇత్తడి మరల చుట్టూ తిరుగుతాయి. గొట్టం ఎన్నాళ్లు వెలుగుతుందన్న సంగతి చివరికి గానీ గుర్తుకు రాదు. నా లెక్కలో మొదట తేల్చుకోవలసింది అదే. 1955లో అమెరికాకు చెందిన బరోస్ కంపెనీ ప్రవేశపెట్టిన ఈ గొట్టాలను 1970లలో ఎల్‌ఈడీలు పక్కకు నెట్టేశాయి. నేడు దొరుకుతున్నవి ఎక్కువగా సోవియట్ కాలపు పాత నిల్వలే. చెక్ రిపబ్లిక్‌లో కొత్తవి చేతితో తయారవుతున్నాయి గానీ, అవి అందరి జేబుకూ అందేవి కావు.

గాజులోకి తొంగిచూస్తే పల్చటి రేకుతో చేసిన పది అంకెలు ఒకదాని వెనుక ఒకటి నిలబడి ఉంటాయి. ముందు సన్నని జల్లెడలాంటి ఆనోడ్ (ధన ధ్రువం), చుట్టూ నియాన్ వాయువు. కరెంటు అందిన అంకెను నారింజ వెలుగు అంటిపెట్టుకుంటుంది. ఐఎన్-12 అనే సోవియట్ రకం గొట్టంలో 5 అంటే తలకిందులైన 2. ఒకసారి గమనించారా, ఇక కన్ను అక్కడే ఆగుతుంది!

వెలగడానికి సుమారు 170 వోల్టుల డీసీ కావాలి. 12 వోల్టుల అడాప్టర్ నుంచి వోల్టేజీని పెంచే బూస్ట్ కన్వర్టర్ దాన్ని పుట్టిస్తుంది. ప్లగ్ పీకేశాక కూడా ఛార్జిని దాచుకునే కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత విద్యుత్తు మిగలవచ్చు కనుక తొందరపడి వేలు పెట్టకూడదు. ఆనోడ్‌కు కరెంటును హద్దులో ఉంచే రెసిస్టర్ తప్పనిసరి. వెలిగిన గొట్టం తనంతట తాను కరెంటును అదుపు చేసుకోలేదు.

అసలు చిక్కు గడియారం స్వభావంలోనే ఉంది. గంటల పదుల స్థానంలో 0, 1, 2 తప్ప మరో అంకెకు పని లేదు. వెలిగే అంకె నుంచి ఎగిరిన లోహపు కణాలు ఖాళీగా ఉన్న అంకెలపై పేరుకుంటాయి. చాలాకాలం తర్వాత ఆ గొట్టాన్ని మరో స్థానానికి మారిస్తే 7 సగమే వెలుగుతుంది. అప్పుడప్పుడు పది అంకెలనూ వరసగా తిప్పడం దీనికి విరుగుడు. ప్రోగ్రాములో నాలుగు వాక్యాల పని. ఎవరూ చూడని రాత్రివేళ ఆర్పేయడం మరీ తేలిక.

సమయాన్ని లెక్కించేది డీఎస్3231 వంటి ఆధునిక చిప్ కావడం ఛాందసులకు నచ్చదు. ఏడాదికి సుమారు ఒక్క నిమిషమే అటూఇటూ అయ్యే చిప్‌తో నాకు పేచీ లేదు. నా పేచీ గొట్టం కింద నీలి ఎల్‌ఈడీ పెట్టి నారింజ కాంతిని చంపేసే కిట్లతోనే.

కొత్తవారికి ఐఎన్-12 మేలు. దాని పిన్నులు సాకెట్‌లో కూర్చుంటాయి. తీగలుండే ఐఎన్-14ను బోర్డుకు సోల్డర్ చేశాక ఒక్క గొట్టం పోయినా డజను అతుకులు కరిగించాలి.