బెజవాడకో ఓడల రిజిస్ట్రీ కావాలి

బెజవాడకి సముద్రం లేదని ఇన్నాళ్లూ మనల్ని మనం తక్కువ చేసుకున్నాం. మంగోలియాకీ లేదు. నాలుగు వైపులా నేలే, ఎటు వెళ్లినా వందల కిలోమీటర్ల దాకా సముద్రం తగలదు, అయినా 2003 నుంచి ఆ దేశం పేరు మీద ఓడలు రిజిస్టర్ అవుతున్నాయి. ఆ పని చూసే ఆఫీసేమో సింగపూర్‌లో ఉంటుంది. ఏ దేశంలో రిజిస్టరైతే ఆ దేశం జెండాయే ఓడ మీద ఎగురుతుంది. లైబీరియా జెండా కావాలన్నా లైబీరియా దాకా వెళ్లక్కర్లేదు, అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో ఆఫీసుంది. అలాంటప్పుడు బందరు బస్సెక్కితే పూట తిరక్కుండా సముద్రం చూసొచ్చే మనకి మంగోలియా కంటే ఒక మార్కు ఎక్కువే రావాలని ప్రభుత్వానికి సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

అనుభవం లేదంటారేమో, బోలెడంత ఉంది. రాత్రి తొమ్మిది దాటాక బెంజి సర్కిల్ దగ్గర నిలబడి హైదరాబాదుకీ బెంగళూరుకీ పోయే స్లీపర్ బస్సుల నంబర్ ప్లేట్లు చూడండి. నాగాలాండ్ ఒకటి, అరుణాచల్ ప్రదేశ్ ఇంకొకటి. కోహిమా ఎటుందో డ్రైవరుకే కాదు, ఓనరుకీ తెలీదు. ట్యాక్సు తక్కువ, అడిగేవాడు దూరం. ఓడల ఓనర్లు ఇదే కిటుకు 1920ల నుంచి పనామా జెండాతో నడిపిస్తున్నారు, మనమే ఆలస్యంగా నేర్చుకున్నాం. తేడా ఒక్కటే. నాగాలాండ్ బస్సులో ఎవరినైనా పొడిచేస్తే నందిగామ పోలీసులో కోదాడ పోలీసులో వస్తారు. నడిసముద్రంలో ఓడ మీద పొడిచేస్తే మాత్రం నాగాలాండ్ నుంచే రావాలి!

వెటకారానికి అనడం లేదు, 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం చెప్పేది ఇంచుమించు ఇదే. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు ఆ దేశం నీళ్లు, 200 మైళ్ల దాకా చేపల మీదా చమురు మీదా హక్కు, ఆపైన అందరిదీ. అక్కడ ఓడ మీద అధికారం జెండా దేశానిది. ఓడకీ జెండాకీ నిజమైన సంబంధం ఉండాలని 91వ అధికరణంలో రాశారు కూడా. ఆ సంబంధం ఎలా ఉండాలో మాత్రం రాయలేదు. అంతమంది పెద్దలు కూర్చుని మర్చిపోయారని నేననుకోను, మొహమాటం కొద్దీ వదిలేసి ఉంటారు.

మరి దర్యాప్తు ఎలా జరుగుతుంది? మన రిజిస్ట్రీ ఆదర్శంగా పెట్టుకోదగ్గ కేసు ఒకటుంది. 2014లో ఫిజీలో ఒక ట్యాక్సీలో ఎవరో ఫోన్ మర్చిపోయారు. అందులో పది నిమిషాల వీడియో ఉంది. పగిలిన చెక్క పడవ ముక్కలు పట్టుకుని కొందరు మనుషులు నీళ్లలో తేలుతున్నారు, చుట్టూ పెద్ద పెద్ద చేపల ఓడలు, పైనుంచి తుపాకీతో ఒక్కొక్కరినే కాలుస్తున్నారు. కనీసం నలుగురు పోయారు. అంతా అయ్యాక డెక్ మీద కుర్రాళ్లు నవ్వుకుంటూ సెల్ఫీలు దిగారు. ఇది జరిగింది 2012లో, మన హిందూ మహాసముద్రంలోనే. అన్ని ఓడల మీద అంతమంది చూశారు, ఆ ఫోన్ దాని ఓనరు జేబులోనే భద్రంగా ఉండి ఉంటే ఈ సంగతి మనదాకా వచ్చేదే కాదేమో. దొరికాక కూడా ఎవరూ తొందరపడలేదు. ఏ ఓడ, ఏ జెండా, చచ్చినవాళ్లు సముద్రపు దొంగలా జాలర్లా అని సావకాశంగా ఆలోచించుకున్నారు. ఓడ తైవాన్‌ది, కాల్చమన్న కెప్టెన్ చైనావాడు. 2020లో ఇంకో ఓడలో తైవాన్ రేవుకొస్తే పట్టుకున్నారు, అంటే ఉద్యోగం అప్పటికీ మానలేదన్నమాట. 2021లో 26 ఏళ్ల జైలు వేశారు. అప్పీల్లో అది 13 అయింది. చచ్చినవాళ్ల పేర్లు ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

అదెక్కడిదో, మనకెందుకంటారా? అదే 2012 ఫిబ్రవరిలో కేరళ తీరానికి 20.5 నాటికల్ మైళ్ల దూరంలో ఇద్దరు జాలర్లని ఇటలీ ఓడ మీది సైనికులు కాల్చి చంపారు. కాల్చడం తప్పా ఒప్పా అన్నది ఏ కోర్టూ తేల్చలేదు, తేల్చే హక్కు ఏ కోర్టుదో తేల్చుకోవడానికే 2020 దాకా పట్టింది. చివరికి సైనికులు ఇటలీకే పోయారు, పది కోట్లు పరిహారం ఇచ్చారు, 2021లో మన సుప్రీంకోర్టు ఫైలు మూసేసింది, ఆ తర్వాత ఇటలీలోనూ మూసేశారు.

మనుషుల్ని చంపే ఓడలు కొన్నే, సిబ్బందిని గాలికొదిలేసేవి ఎక్కువ. మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన కొడుకు ఏజెంటుకి లక్షలు పోసి ఓడెక్కాడు. ఇప్పుడా ఓడ గల్ఫ్‌లో లంగరేసుకుని ఉంది, జీతం లేదు, జనరేటర్‌కి డీజిల్ లేదు, ఫ్రీజర్‌లో మాంసం కుళ్లితే సముద్రంలో పారబోశారు. “రోజూ అన్నం, పచ్చడే నాన్నా, కింద ఉక్కకి పడుకోలేక డెక్ మీద పడుకుంటున్నాం” అని వాట్సాప్‌లో చెప్పాడట. ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నన్నడిగాడు, “అన్నా, ఆ ఓడ ఏ స్టేషన్ కిందకొస్తుందో కాస్త కనుక్కోవా? జీరో ఎఫ్ఐఆర్ అని ఎక్కడైనా రాసుకుంటారంటగా?” రాసుకుంటారు. కానీ దాన్ని చివరికి ఏదో ఒక స్టేషన్‌కి పంపాలి కదా!

రూల్సు లేక కాదు. రెండు నెలలు జీతమివ్వకపోతే సిబ్బందిని వదిలేసినట్టే లెక్క, నాలుగు నెలల దాకా జీతానికి ఇన్సూరెన్సు ఉండాలి, 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. అయినా 2024 ఒక్క ఏడాదిలో ఇలా వదిలేసినవాళ్లు 3 వేలు దాటారు, దేశాలవారీగా చూస్తే మనవాళ్లే ఫస్టు. దిగి వచ్చేయొచ్చుగా అని అడిగేవాళ్లకి ఈజిప్టు సంగతి చెప్పాలి. అప్పులపాలై ఆగిపోయిన ఓడకి కోర్టువారు ఒక సిరియా నావికుణ్ణే చట్టబద్ధమైన కాపలాదారుగా నియమించారు. 2017 నుంచి 2021 దాకా, చివర్లో ఒక్కడే ఆ ఓడలో ఉండిపోయాడు. ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడానికి ఒడ్డుకి ఈదుకుంటూ వచ్చేవాడు.

ఇన్ని అనుకూలతలున్న వ్యాపారాన్ని పరాయి దేశాలకి వదిలేయడం మనకి తగదు. ఆఫీసు ఏలూరు రోడ్డులో ఏ జిరాక్స్ షాపు మేడమీదో సరిపోతుంది. ఓనరు పేరు చెప్పక్కర్లేదు, ఇంకో కంపెనీ పేరు చెబితే చాలు. ఓడ ఎక్కడుందో చూపించే ఏఐఎస్ పరికరం పెద్ద ఓడలకి తప్పనిసరే, స్విచ్ ఎటూ కెప్టెన్ చేతిలోనే ఉంటుంది, మనం కల్పించుకోం. మృతుల వివరాల కాలమ్ ఖాళీగా వదిలేసినా దరఖాస్తు తీసుకుంటాం. ఇక అన్ని విషయాల్లోనూ చూసీచూడనట్టు పోయే మన రిజిస్ట్రీలో కచ్చితమైన రూలు ఒక్కటే, అది పాటించకపోతే జెండా వెనక్కి తీసుకుంటాం: సిబ్బంది ఎవరూ ట్యాక్సీలో ఫోన్ మర్చిపోకూడదు.