గోరంత మూల, కొండంత ఇంగ్లీషు

ఐదొందల నోటు వాషింగ్ మెషీన్‌లో పడింది. జేబులు చూడకుండా చొక్కా లోపల వేసిందెవరన్న విషయం మా ఇంట్లో ఇంకా విచారణలో ఉంది కాబట్టి దాని గురించి ఇక్కడ ఏమీ రాయను. మన నోట్లు నూటికి నూరుపాళ్లు దూదితో చేసిన కాగితమే కనుక ఒక ఉతుకు తట్టుకుంటాయంటారు. తట్టుకునేదేమో, అదే విడతలో బెల్టు తియ్యని జీన్స్ ప్యాంటు పడకపోయి ఉంటే. నోటు రెండు ముక్కలై బయటికొచ్చింది. ఒక మూల గోరంత లేదు. డ్రెయిన్ పైపులో పోయిందో, ఏ చొక్కా కాలరుకు అంటుకుని ఆఫీసుకెళ్లిందో తెలియదు.

పెట్రోలు బంకులో తీసుకోలేదు. కూరగాయలామె "ఇంకోటియ్యి నాయనా" అంది. పక్కింటాయన హుండీలో వేసెయ్యమన్నాడు, దేవుడు తిప్పి చూడడట. ఇక బ్యాంకే గతి. మా ఆవిడ గేటు దాకా వచ్చి మరీ చెప్పింది: "కౌంటర్ దగ్గర ఇంగ్లీషులో ఏమన్నా అడిగితే మీరు తొందరపడకండి. తమ్ముడికి ఫోన్ చెయ్యండి."

ఆ తమ్ముడు గుంటూరు బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో బ్యాంకు పరీక్షల పిల్లలకు సినానిమ్స్, అంటే ఒకే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలు, చెబుతాడు. వాడి ముందు 'బాగుంది' అనే మాట ఊరికే అనడానికి లేదు. సాంబారు బాగుందిరా అంటే, "గుడ్డా, టేస్టీయా, డెలీషియసా బావా? మూడూ వేరు" అంటాడు. ఓసారి పరామర్శకు వెళ్లినచోట, పోయినాయన ఫ్లెక్సీ ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఎక్స్‌పైర్డ్ అని వేశారేంటి బావా, అది మందుబిళ్లలకి కదా" అని నా చెవిలో అన్నాడు. చెవిలో అన్నాననే వాడి ఉద్దేశం. ఇంటివాళ్లంతా తిరిగి చూశారు.

సరే, బ్యాంకు. కౌంటర్లో కూర్చున్న అమ్మాయిది ఉత్తరాదిలో ఎక్కడో. తెలుగు నేర్చుకుంటోంది, 'కూర్చోండి', 'సంతకం పెట్టండి', 'సర్వర్ డౌన్' వరకు వచ్చింది. ఆ పిల్లనేం అనను. మిర్చి యార్డు రైతులు, పింఛను ముసలమ్మలు వచ్చే చోటికి తెలుగు రానివాళ్లను పంపి, గోడ మీద రూల్సన్నీ ఇంగ్లీషులో అంటించి, పైన ఏసీ గదుల్లో కూర్చున్న పెద్దలననాలి.

అమ్మాయి నోటు అటూ ఇటూ తిప్పింది. ముక్కలు రెండూ కలిపి చూసింది. "టూ పీస్. సాయిల్డ్. ఓకే సర్" అని సొరుగు మీద చెయ్యి కూడా వేసింది.

అక్కడితో అయిపోవాలి. నా వెనక నిలబడ్డ యార్డు కమీషన్ వ్యాపారి కాకపోతే అయిపోయేదే. "సాయిల్ అంటే మట్టి కదండీ? ఇదేమో సబ్బు వాసన కొడతంది. మట్టిలో పడిందని రాస్తారేందీ?" అన్నాడాయన. అమ్మాయికి అర్థం కాలేదు గానీ, ఎవరో అభ్యంతరం చెబుతున్నారని మాత్రం అర్థమైంది. సొరుగు మీంచి చెయ్యి తీసేసింది.

ఇక చూస్కోండి. "టోర్న్ అనాలి" అన్నారొకరు. "టోర్న్ అంటే బట్టలకండీ, దీన్ని కట్ నోటంటారు" అని ఇంకొకరు. ఒకాయన 'స్పాయిల్డ్' అన్నాడు. అది పాలకూ పిల్లలకూ వాడతారని పక్కాయన కొట్టిపారేశాడు. కాలేజీ కుర్రాడొకడు గోడ దగ్గరికెళ్లి బోర్డు చదివి, "ఉతికిందైతే ఇంపర్‌ఫెక్ట్‌లోకి వస్తుందంకుల్" అని కేకేశాడు. ఇంపర్‌ఫెక్ట్ అంటే ఏందని పింఛను కోసం వచ్చిన మామ్మ అడిగితే, "లోపం ఉందనమ్మా" అని ఎవరో చెప్పారు. ఆవిడ నోటు వదిలేసి నన్ను పైకీ కిందికీ చూసింది.

సరిగ్గా అప్పుడే మా ఆవిడ మాట గుర్తొచ్చింది. ఫోన్ కలిపి, గోలలో వినపడదని స్పీకర్ ఆన్ చేశాను.

వాడు క్లాసులో ఉన్నాడు. మామూలు మనిషైతే తర్వాత చేస్తానంటాడు. వీడు, "ఆగు బావా, మంచి ఎగ్జాంపుల్ దొరికింది" అని వాడి ఫోను కూడా స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాడు. ఇటు బ్యాంకు, అటు క్లాసు, మధ్యలో నా అరచెయ్యి. ఆ చేతిని అందరికీ వినపడేలా హారతి పళ్లెంలా పట్టుకుని నిలబడ్డాను. సెక్యూరిటీ గార్డు కూడా దగ్గరికొచ్చాడు.

"సాయిల్డ్ అంటే మాసినది. మట్టికీ దానికీ సంబంధం లేదు, ఆ సాయిల్ వేరు, ఈ సాయిల్ వేరు. ఇది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది" అన్నాడు. యార్డు ఆయన మొహం చిన్నబోయింది. "డిఫేస్డ్ అంటే పైరూపు చెడగొట్టినది, నోటు మీద ప్రేమలేఖలు రాస్తారే, అట్లాంటిది. డ్యామేజ్డ్ అన్నింటికీ సరిపోయే మాట, పరీక్షలో అది పెడితే మార్కు రాదు." పరీక్ష ఎవడు రాస్తున్నాడురా అనబోయాను. "ఇక లాటిన్లో ముటిలస్ అని ఉంది. అంటే అవయవం తెగినది. దాన్నుంచి వచ్చిందే మ్యుటిలేటెడ్. బావా, నోటులో ఏమన్నా భాగం పోయిందా?"

"ఓ మూల. గోరంత. అక్కడ అచ్చు కూడా లేదు, ఉత్త అంచు."

"గోరంతైనా పోయింది పోయిందే! పిల్లలూ, ఒక భాగం పోయినదాన్ని ఏమంటాం?"

"మ్యుటిలేటెడ్!"

క్లాసంతా ఒక్క గొంతుతో అంది. నా అరచేతిలోంచి. బ్యాంకులో ప్రింటర్ కూడా ఆగినట్టనిపించింది. వాడికి తృప్తి చాలలేదు, "ఇంకోసారి, లౌడ్‌గా" అన్నాడు. ఈసారి క్యూలో ఉన్న కాలేజీ కుర్రాడు కూడా కలిశాడు. క్యాబిన్లోంచి ఆఫీసరు తల బయటపెట్టి, "వాట్ మ్యుటిలేటెడ్?" అంటూ వచ్చాడు. అమ్మాయి ఏమీ మాట్లాడకుండా ముక్కలు ఆయన ముందుకు జరిపింది.

ఆఫీసరు స్కేలు తీశాడు. ఎనిమిదో తరగతి లెక్కల పీరియడ్ తర్వాత ఒకరి చేతిలో స్కేలు చూసి అంత భయపడటం మళ్లీ ఇదే.

బోర్డు మీద ఉన్నదేమిటో అప్పుడు తెలిసింది. రిజర్వు బ్యాంకు 2009 రూల్స్. రెండు ముక్కలైనా సరే, రెండూ ఒకే నోటువై, కలిపితే నోటు పూర్తిగా ఉండి, ముఖ్యమైనదేదీ పోకపోతే అది సాయిల్డే. మార్చి పూర్తి డబ్బులిస్తారు. ఒక భాగం పోయినా, రెండుకు మించి ముక్కలైనా మ్యుటిలేటెడ్. రెండు ముక్కలూ విడివిడిగా నోటులో నలభై శాతమన్నా ఉంటే తప్ప, అప్పుడు ముక్కలు కలిపి చూడరు, అన్నింట్లోకీ పెద్ద ముక్క ఒక్కటే కొలుస్తారు. కొత్త ఐదొందల నోటు 66 మిల్లీమీటర్లు, 150 మిల్లీమీటర్లు. అంటే 99 చదరపు సెంటీమీటర్లు. పెద్ద ముక్క 80 ఉంటే మొత్తం ఇస్తారు, 40 ఉంటే సగం, అదీ లేకపోతే గుండుసున్నా.

నా పెద్ద ముక్క అరవై ఐదుకు అటూ ఇటూ. చిన్నది నలభై శాతానికి రాదు.

250 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు ఆ అమ్మాయి నా వంక జాలిగా చూసి "సారీ సర్" అంది. యార్డు ఆయన "పోన్లెండి, సగమన్నా వచ్చింది" అని భుజం తట్టాడు. ఆయన్నేమీ అనలేదు. మిర్చి యార్డు వాళ్లతో మనకెందుకు.

శంకర్ విలాస్ సెంటర్ దాటుతుంటే ఫోన్ మోగింది. క్లాసు అయిపోయినట్టుంది, హుషారుగా ఉన్నాడు.

"బావా, పని అయిందా? ఇంతకీ వాళ్లు ఎక్స్‌ఛేంజ్ అని రాశారా, రీఫండ్ అని రాశారా? ఎందుకంటే ఆ రెండూ..."

కట్ చేశాను.