రంగు మారిన చేపను చంపమంటున్న ఆ ఫార్వర్డ్

నిన్నటితో ఆరోసారి. గాలం వేసే స్నేహితుల గ్రూపులో మళ్లీ అదే మెసేజ్. బంగారు రంగు బాస్, నీలం వాలై, పాలలాంటి తెల్ల క్యాట్‌ఫిష్, బొగ్గులా నల్లబడ్డ ట్రౌట్, సిరా చల్లినట్టున్న ఇంకో బాస్. అన్నీ అమెరికా నదుల్లో, సరస్సుల్లో దొరికే మంచినీటి చేపలే. కింద ఎర్రక్షరాలు: "కెమికల్స్‌తో జీన్స్ మారిన చేపలు. తింటే క్యాన్సర్. కనిపిస్తే చంపి గట్టున పడేయండి, వదిలితే మిగతావాటికి అంటుకుంటుంది."

తెల్లది అల్బినో, అంటే పుట్టుకతోనే ఒంట్లో రంగు లేనిది. ఎర్ర కళ్లు ఫోటోలోనే కనిపిస్తున్నాయి. దాని మీద ఇంతకన్నా టైం పెట్టను.

బంగారు బాస్‌లో నల్లరంగు తగ్గి పసుపు పైకి తేలింది, అంతే. 2021లో వర్జీనియాలోని జేమ్స్ నదిలో ఇలాంటిదే పడితే అక్కడి వన్యప్రాణి శాఖ దాన్ని జాంథిజం అంది. మనిషి చెయ్యి పడిన బంగారు చేపే కావాలంటే గోల్డెన్ రెయిన్‌బో ట్రౌట్‌ను చూపించాల్సింది. 1955లో వెస్ట్ వర్జీనియాలో చేపపిల్లల్ని పెంచే ఒక హేచరీలో ఒక్క పిల్ల పసుపు మచ్చలతో కనిపిస్తే, దాని సంతానంలోంచి ఏరి ఏరి పెంచి 1963లో నీళ్లలో వదిలారు. అందులోనూ కెమికల్ లేదు, ఓపిక ఉంది.

నీలం వాలై వెన్ను మీది జిగురును తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డకు నీలం అంటుతుంది. "చూశావా, రంగు పూశారు!" అన్నాడు మావాడొకడు. పూసుకుంది చేపేరా బాబూ. ఆ జిగురులోని సాండర్‌సయానిన్ అనే ప్రొటీన్, రక్తంలోని ఎరుపు విరిగినప్పుడు పుట్టే బిలివర్డిన్ అనే పదార్థాన్ని పట్టుకున్నప్పుడు వచ్చే రంగది. మనకు దెబ్బ తగిలి కమిలిన చోట పచ్చగా కనిపించేదీ ఈ బిలివర్డినే. ఈ లెక్కన మోకాలు కమిలిన ప్రతివాణ్ణీ గట్టున పడేయాలి.

నల్ల ట్రౌట్ ఫోటోను కాస్త పెద్దది చేసి చూడండి, కంటికి పొర కమ్మి ఉంది. చేప కంటితో చూసే వెలుగును బట్టే ఒంటి రంగు సర్దుకుంటుంది. చూపు పోతే నల్లబడిపోతుంది. విషం తాగిందట!

ఇక మచ్చల బాస్. ఇక్కడ ఫార్వర్డ్ సగం నిజం చెప్పిందని ఒప్పుకోవాలి, నాకు ఇష్టం లేకపోయినా. స్మాల్‌మౌత్ బాస్ మీద వచ్చే ఈ నల్లమచ్చలకూ, చేపలకు సోకే అడోమావైరస్‌కూ సంబంధం ఉందని పరిశోధకులు తేల్చారు. మచ్చలు పుట్టుకతో వచ్చినవే అని నేనూ చాలాకాలం వాదించాను. తప్పు. కానీ వైరస్ అనగానే క్యాన్సర్ అయిపోదు. అది గడ్డ కాదు, చర్మంలో నల్లరంగు కణాలు పోగుపడటం. వేలితో తడిమితే పక్క చర్మంలాగే నున్నగా తగులుతుంది. మనుషులకు సోకిన దాఖలా లేదు.

అసలు నా కోపం "చంపేయండి" అన్నదాని మీద. పసుపు, తెలుపు రంగులు తల్లిదండ్రుల నుంచి వచ్చే జీన్ల సంగతి. పక్కన ఈదే చేపకు జలుబులా అంటుకునేవి కావు. చూపు పోవడం అసలే అంటుకోదు. వేలల్లో ఒకటిగా కనిపించే చేపను నిక్షేపంగా వదిలేయక, రాయితో కొట్టి ఫోటో దిగి మళ్లీ గ్రూపులో పెట్టడం ఏం ఘనకార్యం? వైరస్ అంటే నిజంగానే భయం ఉంటే, బతికున్న చేపను ఒక చెరువులోంచి ఇంకో చెరువుకు మోసుకెళ్లకండి. బకెట్లో నీళ్లు పట్టిన చోటే ఒంపేసి రండి. ఫార్వర్డ్‌లో ఈ ముక్క మాత్రం లేదు.