బెనీ సుత్తి, బెనీ పాఠం
బ్రిటన్‌కు చెందిన వెండి పనివాడు జెరాల్డ్ బెనీపై వచ్చిన మీ వ్యాసం అక్కడి రాచకుటుంబానికి ఆయన చేసిన పనుల గురించి చెప్పినంతగా ఆయన పనితనం గురించి చెప్పి ఉంటే బాగుండేది. మొహం దెబ్బతిన్న సుత్తితో పొరపాటున కొట్టినప్పుడు వెండిపై పడిన గీతలను చెరిపేయకుండా, వాటినే చెట్టు బెరడు లాంటి నగిషీగా మలచుకోవడం ఎంతటి దృష్టి! పైగా నున్నటి వెండిపై ఇట్టే కనిపించే వేలిముద్రలు ఆ గరుకుదనంలో అంతగా తెలియవు కనుక, అది వాడేవారికీ మేలు చేసింది. వైనర్స్ సంస్థ స్టెయిన్‌లెస్ స్టీలు చెంచాలు, ఫోర్కుల ద్వారా అదే నగిషీ సామాన్యుల భోజనాల బల్ల మీదికీ చేరింది. 1974 నుంచి 1983 వరకు లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఆయన ఆచార్యుడిగా ఉన్న కాలాన్ని మాత్రం ఒక్క వాక్యంతో దాటేశారు. సొంత కార్ఖానా నడిపిన మనిషి పాఠం చెప్పిన తీరుపై దయచేసి మరో వ్యాసం రాయండి.