తోలుబూట్లు, ఎలుకల కమిటీ

పెద్దసారు తనిఖీకి వస్తున్నారు, మగ ఉద్యోగులందరూ నల్ల తోలుబూట్లతో హాజరు కావాలని ముందురోజు సాయంత్రం ఐదింటికి సర్క్యులర్. కరువుభత్యం సర్క్యులర్ ఏనాడూ ఇంత చురుగ్గా రాలేదు. పెళ్లికి అత్తవారు పెట్టిన జోడు అటక మీద నుంచి దిగింది. హైదరాబాద్ వానాకాలాలన్నీ పీల్చుకుని తెల్లగా బూజు పట్టి ఉంది.

"కొబ్బరినూనె పట్టించి ఎండలో పెట్టవయ్యా" అన్నారు మా బావగారు ఫోన్లో. రాత్రి ఎనిమిదింటికి ఎండ ఎక్కడిదో ఆయనకే తెలియాలి. పైగా ఎండకు తోలు బీటలు వారుతుంది, నూనె జిడ్డు మీద పాలిష్‌లోని మైనం నిలవదు. తడిగుడ్డతో బూజు తుడిచి, లోపల పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టాను. తెల్లారి పాలిష్ పలచగా రాసి, పది నిమిషాలు ఆరనిచ్చి బ్రష్షు కొడితే బూటు ముందుభాగంలో ట్యూబులైటు కనిపించింది.

మీటింగులో నా వంతు వచ్చింది. తెర దాకా నడిచాను. మడమ కింద ఏదో మెత్తగా నలిగింది. వెనక్కి తిరిగి చూస్తే తెల్లని టైల్స్ మీద, నా కుర్చీ నుంచి నా కాళ్ల దాకా, నల్లటి పలుకులు బారుగా పడి ఉన్నాయి.

పెద్దసారు కళ్లజోడు సవరించుకుని వంగి చూశారు. "ఇక్కడ ఎలుకలున్నాయా?"

మా మేనేజరు పుట్టి బుద్ధెరిగాక పైవారికి 'లేదు' అని చెప్పిన మనిషి కాదు. "చాలా ఉన్నాయి సార్" అన్నాడు. ఆరు నెలలుగా ఫైలు తొక్కిపెట్టిన పక్క సెక్షన్ మహానుభావుడికి ప్రాణం లేచివచ్చింది. "నా ఫైలు కొరికేసినవి అవే సార్!" స్వీపరమ్మ వచ్చి ఒక పలుకును వేళ్ల మధ్య నలిపి చూసింది. తర్వాత నా బూట్ల వంక, ఆ తర్వాత నా మొహం వంక చూసింది. నేను కళ్లతోనే దండం పెట్టాను. "ఎలుకలేనండీ" అంది, చల్లని తల్లి. కదిలితే ఇంకా రాలుతుందని మిగతా ప్రసంగమంతా ఎడమవైపు ఒరిగిపోతూ అక్కడే నిలబడి ముగించాను. నిలకడ గల మనిషినని పెద్దసారు మెచ్చుకున్నారు.

సందు చివర చెప్పులు కుట్టే పెద్దాయన చూసి నవ్వాడు. తోలు నిక్షేపంగా ఉందట. సోలు మాత్రం పాలీయురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌ది. గాలిలోని తేమకు ఏళ్ల తరబడి లోలోపలే విడిపోయి, ఒకరోజు బరువు పడగానే పొడి అవుతుంది. రోజూ తొడిగే జోడు కంటే దాచిపెట్టిన జోడే తరచుగా ఇలా మోసం చేస్తుందట. ఈ ముక్క అమ్మిన షాపువాడు చెప్పి ఉంటే అతని సొమ్మేం పోయేది?

సాయంత్రానికి ఎలుకల నివారణ కమిటీ వేశారు. నిలకడ చూసి కన్వీనరుగా నన్నే పెట్టారు. శుక్రవారానికల్లా ఎలుకల సంఖ్య తేల్చి నివేదిక ఇవ్వాలి.