కూరలోకి కాస్త అన్నం

పోయిన దీపావళి భోజనాల్లో మన అసోసియేషన్ వాళ్లు షుగర్ ఉన్నవాళ్లకని ఒక టేబుల్ వేరే పెట్టారు. మంచి మనసుతోనే పెట్టారు, కాదనను. తీరా చూస్తే దాని మీద ఉన్నవి కొర్రల పులిహోర, కొర్రల దద్ధోజనం, రాగి లడ్డు. ఇది మనదే కదా అని నేనూ ధైర్యంగా ప్లేటు నిండా పెట్టుకున్నాను. రెండు గంటల తర్వాత వేలు పొడుచుకుని చూస్తే మీటర్ 240 చూపించింది. మామూలు పులిహోర తిన్న రోజు కూడా ఇంచుమించు అంతే వస్తుంది, మరి ఆ వేరే టేబుల్ ఎందుకు?

కొర్రల తప్పేం లేదు. వండిన తెల్లన్నం కప్పుకి సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. కొర్రన్నంలో అది పెద్దగా తగ్గదు, పీచు కాస్త ఎక్కువ, అంతే. దంపుడు బియ్యం కథా అదే. పైగా మనం కప్పుతో ఆగే రకమా? పప్పులోకి ఒకసారి, కూరలోకి ఒకసారి, చారులోకి ఒకసారి, చివర్న పెరుగులోకి 'ఇంకాస్త' - ఇలా మూడు కప్పులు తెలియకుండానే దాటేస్తాం, అంటే 135 గ్రాములు, ఆ పైన స్వీటు.

అందుకే నా గోల ఒక్కటే, ధాన్యం మార్చే ముందు కంచంలో వాటాలు మార్చండి. అన్నంలోకి ఏం కూర అని అడుగుతాం కదా, దాన్ని తిరగేసి కూరలోకి కాస్త అన్నం అనుకోవాలి. మా ఇంట్లో ఇప్పుడు బెండకాయో బీరకాయో దొండకాయో కంచంలో సగం ఉంటుంది, ఒట్టిదే తింటాం కాబట్టి ఉప్పూ కారం తగ్గించాం. పక్కన ముద్దగా తోటకూర పప్పు, లేదంటే గుడ్లో చేపో. ఈ రెండూ సగం అయ్యాకే అన్నం, అదీ అరకప్పు. కూరా పప్పూ ముందు తిని అన్నం చివర్లో తింటే అదే భోజనానికి షుగర్ తక్కువ పెరుగుతుందని పరిశోధనల్లో కూడా తేలింది. చారు గ్లాసులో తాగేస్తాం, పెరుగు గిన్నెలో తింటాం. ఈ ఒక్క పనితో రెండుసార్ల అన్నం పోయింది. పెరుగన్నం లేకుండా అదేం భోజనంరా అని మా అమ్మ ఫోన్లో ఇప్పటికీ బాధపడుతుంది, నాకూ మొదటి నెల అలాగే ఉండేది.

తెలంగాణ జొన్నరొట్టె నాకు నచ్చేది కూడా ఇందుకే. రొట్టెకి లెక్క ఉంటుంది, ఒకటో రెండో తిని లేస్తాం. అన్నానికి ఆ లెక్క లేదు. రాయలసీమ సంగటి కూడా మంచిదే, కానీ అందులో బియ్యమో నూకలో కలుస్తాయని మర్చిపోయి రెండు ముద్దలు లాగిస్తే మళ్లీ మొదటికే. రాగి జావ ఇంకో భ్రమ. మెత్తటి పిండిని పల్చగా కాచి గ్లాసుల కొద్దీ తాగితే నమిలే పనే లేదు, గబగబా రక్తంలోకి ఎక్కేస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి, ఒంట్లో ఇన్సులిన్ పెంచే షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు ఇది చదివి రేపటి నుంచే అన్నం సగం చేసేయకండి. షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. డాక్టర్‌తో మాట్లాడి డోసు చూసుకున్నాకే. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు పప్పు, ఆకుకూరల మోతాదు కూడా అడగాలి.

ఇక మన భోజనాల సంగతి. బఫే లైన్లో మొదట ఏముంటుంది? పులిహోర, బిర్యానీ, తెల్లన్నం. కూరల దగ్గరికి వచ్చేసరికి ప్లేటులో చోటే ఉండదు, గుత్తివంకాయ ఒకటి అంచు మీద పెట్టుకుంటాం. లైన్ తిప్పండి చాలు. కూరలు, పప్పు, సలాడ్ ముందు, అన్నాలు చివర, వాటికి చిన్న గరిటె. షుగర్ టేబుల్ అక్కర్లేదు, 'పాపం ఈయనకీ ఉందా' అనే చూపులూ ఉండవు, లేనివాళ్లకీ నష్టం లేదు. ఉగాది వంట కమిటీలో నా పేరు రాసుకోండి. వంకాయలు తరగమన్నా తరుగుతాను, అన్నం దగ్గర గరిటె మాత్రం నా చేతికే ఇవ్వాలి.