చిట్కారాయుళ్ళ ఆగడాలు ఇక చాలు

కంప్యూటర్ ఆన్ కాగానే డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొట్టి, రిఫ్రెష్ నొక్కి, అది చాలక ఇంకో రెండుసార్లు నొక్కి, అప్పుడుగాని పనిలోకి దిగని సజ్జనులు ఇంకా మన మధ్య ఉన్నారు. ధర్మం ఒంటికాలి మీదైనా నిలబడి ఉందంటే అది వాళ్ళ చలవే. అలాంటివాళ్ళ భుజం మీదుగా తొంగిచూసి, "అలా నొక్కితే స్పీడు పెరగదండీ, ఐకాన్లని మళ్ళీ ఓసారి గీస్తుందంతే" అని పెదవి విరిచే కొత్త జాతి ఒకటి బయల్దేరింది. వీళ్ళే చిట్కారాయుళ్ళు. ఇప్పుడే కట్టడి చేయకపోతే రేపు మనకంటూ ఒక్క నమ్మకం కూడా మిగల్చరు.

ఐకాన్లు ఒక్క క్షణం మాయమై మళ్ళీ ప్రత్యక్షమవుతాయి చూడండి, ఆ రెప్పపాటులో యంత్రం మన మాట వింటోందన్న భరోసా కలుగుతుంది. స్పీడు ఎవడిక్కావాలి?

ఫోన్ల దగ్గర వీళ్ళ దాష్టీకం మరీ ఎక్కువ. తెరిచిన యాప్‌లన్నిటినీ ఒక్కొక్కటే పైకి నెట్టేసి, ఖాళీ స్క్రీన్ చూసుకుని హమ్మయ్య అనుకుంటాం కదా, అది దండగట. ర్యామ్ ఖాళీగా ఉంటే ఒరిగేదేమీ లేదట. మూసిన యాప్‌ని మళ్ళీ మొదట్నుంచి లేపడానికే బ్యాటరీ ఎక్కువ ఖర్చట. మొరాయించిన యాప్‌ ఒక్కదాన్నే మూస్తే సరిపోతుందట. పైగా సాక్ష్యం కూడా పట్టుకొస్తారు. 2016లో ఒక ఐఫోన్ వాడకందారు ఆపిల్ అధిపతి టిమ్ కుక్‌కి మెయిల్ పెట్టాడు: మీరు యాప్‌లని తరచూ మూసేస్తుంటారా, బ్యాటరీకి అది అవసరమా అని. అక్కడ సాఫ్ట్‌వేర్ వ్యవహారాలు చూసే క్రెయిగ్ ఫెడరిగి జవాబిచ్చారు: లేదు, అక్కర్లేదు. పక్కన ఒక నవ్వుముఖం. కోట్లాది బొటనవేళ్ళ శ్రమకి దక్కిన గౌరవం అదీ!

ఇక షట్‌డౌన్. కంప్యూటర్ మొండికేస్తే షట్‌డౌన్ చేసి, కాసేపాగి ఆన్ చేయడం పెద్దలు నేర్పిన వైద్యం. అదీ చెల్లదంటున్నారు. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అనేదొకటి వచ్చిందట. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన లోపలి స్థితిని డిస్క్ మీద దాచుకుని, తెల్లారి అదే స్థితిని, ఉన్న రోగంతో సహా, మళ్ళీ పైకి తెస్తుందట. రీస్టార్ట్ చేస్తేనే అంతా కొత్తగా మొదలవుతుందట. అంటే షట్‌డౌన్ చేస్తే చావదు, రీస్టార్ట్ చేస్తే చచ్చి బతుకుతుంది. ఇంత వేదాంతం సామాన్యుడు మొయ్యగలడా? పోనీ పూర్తిగా ఆపాలంటే షిఫ్ట్ కీ అదిమిపట్టి షట్‌డౌన్ నొక్కాలట. ఇది చెప్పేటప్పుడు వాళ్ళ మొహాల్లో వెలిగే కాంతి చూడలేం.

వీళ్ళ చిట్కాలు నిజంగా పనిచేయడమే అసలు ప్రమాదం. ఒక పెద్దాయన లిస్టు ఎక్కించడం చూశాను. పేరు కాపీ చేస్తారు, అవతలి విండోకి వెళ్ళి పేస్ట్ చేస్తారు, వెనక్కొస్తారు, ఫోన్ నంబరు కాపీ చేస్తారు, మళ్ళీ వెళ్తారు. నిష్ఠగా, నిదానంగా, నేత పనిలా సాగుతోంది. ఎవరో వచ్చి విండోస్ కీతో 'వి' నొక్కి క్లిప్‌బోర్డ్ హిస్టరీ ఆన్ చేసిపోయారు. ఇప్పుడది కాపీ చేసినవి పాతిక దాకా గుర్తుపెట్టుకుంటుంది. ఆయన పని పొద్దున్నే అయిపోతోంది. సాయంత్రం దాకా ఏంచెయ్యాలో తోచడం లేదు. బ్రౌజర్‌లో పొరపాటున మూసిన ట్యాబ్ కూడా కంట్రోల్, షిఫ్ట్, 'టి' కలిపి నొక్కితే తిరిగొస్తుందట. పోయినదాని గురించి చింతించరాదన్న వైరాగ్యం ఇక ఎవరికి అబ్బుతుంది?

బ్యాటరీని సున్నాకి దించి నూరుకి ఎక్కించడం పాత నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం నాటి అలవాటట, ఇప్పటి లిథియం బ్యాటరీలకి వేడే శత్రువట. సరే, కానివ్వండి.

పాస్‌వర్డ్ ద్రోహం మాత్రం క్షమించరానిది. అంకె ఉండాలి, గుర్తు ఉండాలి, 90 రోజులకోసారి మార్చాలి అని 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తరఫున బిల్ బర్ అనే ఆయన రాశారు. లోకమంతా పాటించింది. పాస్‌వర్డ్ చివరి ఒకటిని రెండు చేసి, రెండుని మూడు చేసి, గుర్తుండక పసుపు చీటీ మీద రాసి మానిటర్‌కి అతికించి మరీ పాటించింది. 2017లో ఆయనే, తాను చెప్పినవాటిలో చాలావాటికి ఇప్పుడు చింతిస్తున్నానన్నారు. పొడుగ్గా పెట్టుకోండి, బయటపడితే తప్ప మార్చక్కర్లేదని నిస్ట్ కూడా అదే ఏడాది మాట మార్చింది. మరి మన చీటీల సంగతి?

చివరికి స్క్రీన్‌షాట్ల మీద పడ్డారు. విండోస్, షిఫ్ట్, 'ఎస్' నొక్కితే కావలసిన ముక్క కత్తిరించినట్టు వస్తుందట. వస్తుంది, కాదనను. అందులో మనిషేడీ? మానిటర్‌ని ఫోన్‌తో ఫొటో తీస్తే అడ్డంగా చారలు, ఓ మూల వేలి నీడ, అద్దంలో తీసినవారి కంగారు మొహం, అన్నీ దిగుతాయి. అలాంటి నిండైన ఫొటో పంపితే చిట్కారాయుడు ఏమన్నాడో తెలుసా? "ఎర్రర్ ఉన్నచోటే ఫ్లాష్ పడిందండీ, ఇంకోటి తీసి పంపండి."

ఎలా తీస్తాం? ఓకే నొక్కేశాంగా.